తుఫాన్ల పడవ షికారు

ధర్మసాగర్ చెరువు కట్ట మీద పాత తూము ఉన్న జాగకు మంచి పేరు లేదు.

దీపాలు పెట్టే యాళ్ల దాటితె ఆ దిక్కు ఎవ్వలు పోకపోదురు. బర్లు కాసేటోళ్లు పొద్దుండంగనే బర్లను మలుపుకొచ్చేది. సైకిల్ మీద వచ్చేటోళ్లు ఆడికి రాంగనే బెల్లు కొట్టుకుంట, ఎన్కకు సూడకుంట తొక్కేది. ఎందుకంటె... ఆడ నీళ్లల్లకెల్లి ఒక గొంతు పిలుస్తదని.

పెద్దగ కాదు. అరుపు కాదు. ఊపిరాడనోడు గుసగుస పెట్టినట్టు—

"సార్... చెయ్యి..."

గంతే. రెండే మాటలు. బర్లు కాసే యాకయ్య ఓ మాపటీలి ఆ గొంతు ఇని, ఇంటికొచ్చి నాలుగు రోజులు జరంతోని పండుకున్నడట.

ఎనభై ఆరుల నేను సుబేదారిల ఉన్న సర్కారు ఆఫీసుల కొత్తగ నౌకర్ల చేరిన. ఆ ఏడు తుఫాను పట్టి, ఓ నాడు మధ్యాహ్నమే కరెంటు పోయింది. ఆఫీసుల నేను, పెద్ద గుమాస్తా కిషన్ రావు సార్ ఇద్దరమే మిగిలినం. ఊకె కూసోలేక, నవ్వులాటకు అడిగిన.

"సార్, ధర్మసాగర్ల దయ్యం ఉన్నదట గదా? చెయ్యి ఇయ్యమని అడుగుతదట?"

ఆయిన నవ్వలే. కిటికీ రెక్క దగ్గరికేసి, కుర్సీ నా దిక్కు తిప్పుకున్నడు.

"ఆ మాట మొదలు ఇన్నది యాకయ్య గాదు..." అన్నడు. "నేను."

ఇగ ఆయిన చెప్పింది చెప్పినట్టు చెప్తాన.

*

డెబ్బై ఏడు. కార్తీకం. రేడియోల పొద్దుమాపు తుఫాను హెచ్చరికే. మన దిక్కు మూడు రోజులు ముసురు పట్టి, ఐతారం నాడు జర తెరిపిచ్చింది.

కిషన్ రావు బామ్మర్ది పాండురంగం హైదరాబాద్ నుంచి వచ్చిండు. "మీ హుస్సేన్ సాగర్ ఏం చెరువు? మా ధర్మసాగర్ల పడవ షికారు చేపిస్త, సూడు!" అని కిషన్ రావు ముందే గొప్పలు చెప్పి ఉన్నడు. తుఫానని ఆగితె మాట పోతదనుకున్నడు. ఇద్దరు స్కూటర్ మీద బయలెల్లిన్రు.

ఆ చెరువుల మొగిలి అని చేపలు పట్టేటోడు ఉండె. గోదారి దిక్కు నుంచి ఓ కట్టె పడవ తెచ్చుకున్నడు. ఐతారాలల్ల షికారుకు వచ్చినోళ్లను తిప్పేది. ఆ పొద్దు మాత్రం పడవను ఒడ్డుకు గుంజి తాడుతోని బిగ్గ కట్టేస్తాండు. ఆయిన భార్య కట్టమ్మ పక్కకు కూసోని వల అల్లుతాంది.

"ఇయ్యాల వద్దు సార్," అన్నడు మొగిలి. "గాలి దిక్కు మారుతాంది. కొంగలు పొద్దుగాలనే లేచిపోయినయ్."

కిషన్ రావు పకపక నవ్విండు. "తుఫాను బందరు దిక్కు మొగిలీ! సముద్రం లేచి ఈడికి నడిచొస్తదా?"

"ఎల్లుండి రాండ్రి సార్. నేనే పిలుసుకపోత."

బామ్మర్ది ముందట మాట పోతాంది. కిషన్ రావుకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు — నవ్వుకుంటనే, మెల్లగ — ఒక మాటన్నడు.

"నీ ఇంటి జాగ కాయితం నా టేబుల్ మీదనే ఉన్నది... యాదుందా?"

మొగిలి మొఖం సిన్నగైంది. రెండేండ్ల సంది ఆ జాగ కోసం ఆఫీసు సుట్టు తిరుగుతాండు. భార్య దిక్కు సూసిండు. కట్టమ్మ తల అడ్డం ఊపింది. అయినా, వంగి తాడు ఇప్పిండు.

*

మొదలు మంచిగనే ఉండె. సల్లటి గాలి. పాండురంగం పాటలందుకున్నడు. మొగిలి తెడ్డేస్తాండు. మాటిమాటికి తూర్పు దిక్కు సూస్తాండు.

చెరువు నడుమకు పోయిన్రో లేదో... గాలి ఆగింది.

చెట్ల ఆకు మెదల్తలేదు. నీళ్లు నూనె లెక్క నిలబడ్డయి.

"వంగి కూసోండ్రి!" అని మొగిలి అనుడే... తూర్పు నుంచి వాన గోడ లెక్క వచ్చి మీద పడ్డది. ఒక్క అల. పడవ పక్కకు ఒరిగింది. రెండో అలకు బోర్ల పడ్డది.

కిషన్ రావుకు ఈత రాదు, పాండురంగానికి రాదు. మొగిలి ముందుగాల పాండురంగాన్ని జుట్టు పట్టి గుంజుకపోయి, తూము మెట్ల మీద పడేసిండు. మళ్ల ఎన్కకు ఈదిండు. మునుగుతున్న కిషన్ రావును పట్టి, తన భుజం మీదికి ఎత్తుకోని మెట్ల మీదికి నూకిండు. ఆడ తూముకు ఇనుప కమ్మి ఉంటది. కిషన్ రావు రెండు చేతులతోని ఆ కమ్మిని కరుసుకున్నడు.

మొగిలికి సత్తువ అయిపోయింది. మెట్టు అందుతలేదు. మూరెడు దూరంల నీళ్లల్ల తేలుకుంట చెయ్యి సాపిండు.

"సార్... చెయ్యి..."

ఈడికి రాంగనే కిషన్ రావు సార్ తన రెండు చేతులు టేబుల్ మీద పెట్టి సూసుకున్నడు. అప్పుడన్నడు—

"నాకు రెండు చేతులున్నయ్. ఒక్కటి ఇడిస్తె సాలు. కమ్మి గట్టిగనే ఉన్నది... నేను పడకపోదును. ఆ సంగతి నాకు ఎరుకే. అయినా ఇడువలే. ఆయిన కండ్లల్లకు సూసుకుంటనే... ఇడువలే."

ఒక అల వచ్చింది. పోయింది.

మొగిలి లేడు.

*

రెండు రోజులకు పీనుగ తేలింది. పోలీసులు పంచనామా రాసిన్రు. కిషన్ రావు వాంగ్మూలం ఇచ్చిండు.

"తాగున్నడు. మేము వద్దన్నం. బలిమిటికి ఎక్కిచ్చుకపోయిండు."

పాండురంగం సగం సోయిల ఉండె. బావ చెప్పినదానికి తలూపి హైదరాబాద్ బస్సెక్కిండు.

కట్టమ్మ ఠాణా ముందట కూసోని ఏడ్సింది. "నా పెనిమిటి కల్లు సుత తాగడు సారూ! వద్దన్నది ఆయినే!" ఎవ్వలింటరు? ఒక దిక్కు సర్కారు గుమాస్తా. ఇంకో దిక్కు సదువురాని ఆడిమనిషి. ఊర్ల కొందరు "తాగి ముగ్గురి పానం తీస్తుండె" అని మొగిలినే తిట్టిన్రు. ఇంటి జాగ కాయితం కూడ "దరఖాస్తుదారు మరణించినాడు" అని రాసి మూలకు పడ్డది. రాసిన చెయ్యి కిషన్ రావుదే.

ఆరు నెలలకు ఆఫీసు కాడ చాయ్ దుకాన్ల ఎవరో చెప్పంగ ఇన్నడు. ధర్మసాగర్ తూము కాడ దయ్యమైందట. యాకయ్యకు ఇనవడ్డదట. "సార్... చెయ్యి..." అంటదట.

చాయ్ సగంలనే పెట్టి లేచిండు.

ఎందుకంటె, ఆ మాట తాను ఎవ్వలకు చెప్పలే. పాండురంగానికి సోయి లేదు. చెరువు మీద వాన, గాలి తప్ప ఎవ్వలు లేరు. మరి ఆ మాట ఊర్లెకు ఎట్లొచ్చింది?

ఒక్కడే చెప్పగలడు. సచ్చినోడు.

ఆ నాటి సంది కిషన్ రావుకు నిద్ర లేదు. ఇంట్ల నల్లల వచ్చే నీళ్లు ఆ చెరువువే. గిలాస నోటి కాడికి తెస్తె గొంతు దిగకపోవు. వాడకట్టుల ఉన్న చేదబాయి నీళ్లు మోసుకొచ్చుకునేది. "ఏమైందయ్యా, నల్ల ఉండంగ ఈ కష్టమేంది?" అని భార్య అడిగేది. కడుపునొప్పని చెప్పేది. ఆరేండ్లు ధర్మసాగర్ తొవ్వ తొక్కలే.

*

ఎనభై మూడుల మళ్ల తుఫాను. ఊర్లల్ల మట్టి గోడలు కూలినయ్. కూలిన ఇండ్ల లెక్క రాసుకొని రమ్మని గుమాస్తాలను పంపిన్రు. కిషన్ రావుకు పడ్డ ఊరు ధర్మసాగర్‌కు అవుతల. నాకు వద్దని బతిమాలుకున్నడు. ఆఫీసరు ఇనలే.

రాసుడు అయ్యేటాలకు పొద్దు గూకింది. బస్సు తొవ్వల వాగు పొంగి, రోడ్డు తెగింది. మిగిలింది ఒక్కటే తొవ్వ...

చెరువు కట్ట.

ఊరోళ్లు ఉండిపొమ్మన్నరు. కూలిన ఇండ్ల నడుమ, ఏడ్సేటోళ్ల నడుమ, ఆయినకు ఉండబుద్ధి కాలే. టార్చిలైటు పట్టుకోని నడిసిండు.

వాన. ఒక పక్క చెరువు నల్లగ ఉబ్బి, కట్టను నాకుతాంది. ఇంకో పక్క పొలాలల్ల కప్పల రొద. తూము దగ్గర పడ్డది. సూడొద్దనుకున్నడు. ఇనొద్దనుకున్నడు. నోట్ల దేవుని పేరు అనుకుంట, అడుగులు లెక్కపెట్టుకుంట పోతాండు.

తూము దాటిండు.

ఒకడుగు... రెండడుగులు...

"సార్..."

ఆగిండు. గాలేమో. గాలే గావాలె—

"సార్... చెయ్యి..."

టార్చిలైటు జారి నీళ్లల్ల పడ్డది. ఉరకబోయిండు. బురదల కాలు జారింది. కట్ట మీదికెల్లి గడ్డి మీద జర్రున జారుకుంట మెట్ల మీదికి, ఆడికెల్లి నడుము దాక నీళ్లల్లకు పోయిండు. చేతికి కమ్మి అందలే. నాచు పట్టిన రాయి ఒక్కటే అందింది. వేళ్లు జారుతానయ్.

అప్పుడు ఆయిన నోట్ల నుంచి కేక రాలే. ఆరేండ్ల సంది లోపట కుళ్లిందంత వచ్చింది.

"మొగిలీ! మాఫ్ చెయ్యి మొగిలీ! నువ్వు తాగలే! నువ్వు వద్దన్నవ్... నేనే బలిమి చేసిన! ఇంటి జాగ పేరు చెప్పి బెదిరిచ్చిన! నువ్వు చెయ్యి అడిగితె... నేను ఇయ్యలే! చెయ్యి ఖాళీగనే ఉండె... ఇయ్యలే!"

చప్పుడు లేదు. వాన ఒక్కటే.

వేళ్లు జారినయ్—

చీకట్లకెల్లి ఒక చెయ్యి వచ్చి ఆయిన మణికట్టును పట్టింది.

"అయిపోయిందనుకున్న," అన్నడు సార్ నాతోని. "లోపటికి గుంజుతడనుకోని కండ్లు మూసుకున్న. కానీ... ఆ చెయ్యి వెచ్చగున్నది."

చెయ్యి మీదికి గుంజింది. మెట్టు మీద పడ్డడు. తల లేపి సూసిండు. మెరుపు మెరిసింది.

తడిసిన సంచి నెత్తి మీద కప్పుకోని, రొప్పుకుంట నిలబడ్డది—

కట్టమ్మ.

కిషన్ రావు పండ్లు కొట్టుకుంట అడిగిండు.

"నువ్వా... పిలిచింది?"

"నేనే."

"ఆ మాట... నీకెట్ల ఎరుక?"

"ఆనాడు వాన పడంగనే కట్ట మీద ఉరికొచ్చిన. నీ ఎన్కపక్కకెల్లి గీ మెట్ల మీదికే దిగుతాన. ఆయిన చెయ్యి సాపుడు సూసిన. అడుగుడు ఇన్న. నువ్వు ఇయ్యకపోవుడు సూసిన." ఆమె గొంతుల కోపం లేదు. అలసట ఉన్నది. "ఠాణాల చెప్పబోయిన. ఊర్ల చెప్పబోయిన. మొగడు సచ్చి మతి పోయిందని ఆ మాట దాక రానియ్యలే. నేను చెప్తె ఎవ్వలు నమ్మలే సారూ. దయ్యం చెప్తెనన్న నమ్ముతరని... మాపటీలి మాపటీలి వచ్చి, ఆయిన మాట ఆయిన లెక్క పిలుస్తాన."

ఆరేండ్లు. ముసురుల, ఎన్నెలల, సలికాలంల.

"మరి నన్నెందుకు గుంజినవ్?" అన్నడు కిషన్ రావు. "ఇడిసిపెడితె పోయేటోన్ని గదా?"

కట్టమ్మ ఆయిన మణికట్టు ఇంకా ఇడువలే.

"ఇప్పుడు నువ్వన్న మాట నేనొక్కదాన్నే ఇన్న. నేనొక్కదాన్ని ఇంటె ఎవరికి లాభం? పొద్దుగాల, ఎలుగుల, అందరి ముందట అనాలె. అందుకే గుంజిన. నడువ్."

*

ఆ రాత్రి కట్టమ్మ గుడిసెల, పొయ్యి ముందట కూసున్నడు కిషన్ రావు. ఆమె గట్క పెట్టింది. తినుడు శాతగాలే. తెల్లారి పంచాయతి ఆఫీసు ముందట ఊరోళ్లు జమైన్రు. ఆయిన నిలబడి, మొగిలి తాడు ఇప్పిన కాడికెల్లి మొదలుపెట్టి, పంచనామాల అబద్ధం దాక చెప్పిండు. ఎవరో రాయి ఇసిరిన్రు. భుజానికి తాకింది. చెప్పుడు ఆపలే.

అదే రోజు ఠాణాకు పోయి రాసిచ్చిండు. కేసు నడిసింది. ఏడాది పాటు నౌకరి నుంచి పక్కకు పెట్టిన్రు. పాండురంగం రాకపోకలు బంద్ చేసిండు. భార్య నెల రోజులు మాట్లాడలే. మూలకు పడ్డ కాయితం కోసం ఇంకో గుమాస్తా ముందట ఈయిన నిలబడి, కట్టమ్మ పేరు మీద మళ్ల దరఖాస్తు పెట్టిపిచ్చిండు. ఎనభై ఐదుల ఆమెకు జాగ వచ్చింది. ఆమె పట్టా తీసుకునేటప్పుడు ఈయిన దిక్కు సూడలే.

ఇదంత చెప్పి కిషన్ రావు సార్ కుర్సీల ఎన్కకు ఒరిగిండు. బయట వాన కొడుతనే ఉన్నది.

"ఊరోళ్ల ముందట చెప్పినప్పుడు... ఆమె మిమ్మల్ని ఏమనలేదా సార్?" అని అడిగిన.

"నన్నేం అనలే. నాతోని మాట్లాడనే లే. యాకయ్య అడిగితె ఆయినతోని అన్నది."

"ఏమన్నది?"

ఆ పొద్దు తాను చెప్పుడు అయినంక జరిగింది సార్ చెప్పిండు. యాకయ్య ముందటికొచ్చి, పాపం, ఆరేండ్లు బుగులుపడ్డ మనిషి గదా, మెల్లగ అడిగిండట—

"అయితె అక్కా... తూము కాడ దయ్యం లేనట్టేనా?"

కట్టమ్మ కొంగుతోని మొఖం తుడుసుకున్నది.

"ఉండెరా," అన్నది. "తూము కాడ కాదు. సుబేదారిల నౌకరి చేస్తుండె."