ఎడమవైపు తిరిగిన బుట్ట

“గ్యాలరీలో నలభై వెదురు బుట్టలున్నాయి. ఒకదాని అంచులో మైక్రోఫిల్మ్. మన ఇన్‌ఫార్మర్లు పదకొండు మంది పేర్లు అందులో ఉన్నాయి. నాలుగింటికి విదేశీ ముఠా ఏజెంటు వచ్చి తీసుకుపోతాడు. అది గుమ్మం దాటిందా, పదకొండు శవాలు. అమ్మేదెవరో తెలియదు,” అని ఫోన్ పెట్టేశాడు చీఫ్.

డిపార్ట్‌మెంట్‌లో అందరూ మేష్టారని పిలిచే ఆ సీక్రెట్ ఏజెంట్, పెట్టుడు మీసం సర్దుకుని కారు దిగాడు. టైం మూడూ నలభై. గ్యాలరీ గుమ్మం ముందు ఆగిపోయాడు. ఇప్పుడంటే సున్నం వేసి హస్తకళల గ్యాలరీ చేశారు గానీ, ఎనిమిదేళ్ల కిందట ఇది పాడుబడ్డ నూలు మిల్లు. ఇక్కడి ఆపరేషన్‌లోనే పిచ్చుక అనే కోడ్ పేరున్న అతని పార్ట్‌నర్ మంటల్లో చిక్కుకుపోయింది.

కాలిన దూలాన్ని ఒకదాన్ని అలాగే ఉంచి బోర్డు పెట్టారు: ‘పాత అగ్నిప్రమాదపు గుర్తు. ప్రాణనష్టం లేదు.’ ఎంత తేలిగ్గా రాసేశారు!

కళ్లద్దాల్లోని జూమ్ లెన్స్‌తో బుట్టలన్నీ ఒక్కొక్కటే చూశాడు. అన్నిటి అల్లికా కుడివైపుకే తిరిగింది. ముప్పై ఏడోది మాత్రం ఎడమవైపుకు. అంచులో ప్రతి మూడో పుల్లా లోపలికి మడిచి ఉంది. నిఘా డ్యూటీల్లో పొద్దుపోక పిచ్చుక ఎడమచేత్తో అల్లే బుట్టలు అచ్చం ఇలాగే ఉండేవి. కానీ ఈ వెదురులో పచ్చిదనం ఇంకా పోలేదు. చచ్చిపోయిన మనిషి మొన్నమొన్న అల్లిన బుట్ట!

“ఏం చేసినా ఈ ఎడమచేతి వాటం మాత్రం మారలేదండీ, మేష్టారూ.”

గిరుక్కున తిరిగాడు. నల్లద్దాలు, ఖరీదైన సెంటు, మోచేతుల దాకా పట్టు గ్లవుజులు, చెంప కింద కాలిన మచ్చ. పిచ్చుకే. హ్యాండ్‌బ్యాగ్ చాటున సైలెన్సర్ పిస్టల్.

“అమ్ముతున్నది నువ్వా? పదకొండు ప్రాణాలు, పిచ్చుకా!”

“నాది పన్నెండోది. ఎవరన్నా లెక్కేశారా? ఆ రోజు తలుపు గాలికి మూసుకుపోయిందని చెప్పారట. నిజమేనా?”

ఎనిమిదేళ్లుగా చెప్పి చెప్పి కంఠతా వచ్చేసిన అబద్ధం నాలుక చివరికొచ్చింది. మింగేశాడు.

“కాదు. గడియ నేనే పెట్టాను. మంటలు నా మీదికొస్తాయని భయమేసింది. నీ కేకలు విన్నాను. ఇప్పటికీ వింటూనే ఉన్నాను.”

ఆమె పిస్టల్ దించలేదు.

సరిగ్గా నాలుగు. బూడిదరంగు సూటు మనిషి ఒకడొచ్చి ఆ బుట్ట ముందు ఆగాడు. “ఇందులో పళ్లు నిలవుంటాయా?” అని పిచ్చుకని అడిగాడు.

అది కోడ్. ఉంటాయంటే బేరం కుదిరినట్టే. ఆమె మేష్టారి మొహంలోకే చూస్తూ జవాబిచ్చింది.

“ఉండవండీ. కుళ్లిపోతాయి.”

సూటు మనిషి మొహం పాలిపోయింది. ఒక్క ఉదుటున గుమ్మం వైపు పరుగెత్తాడు. సందర్శకుల వేషంలో ఉన్న ఇద్దరు డిపార్ట్‌మెంట్ ఏజెంట్లు అతన్ని నేలకేసి అదిమిపట్టారు. మేష్టారు అంచు విప్పి ఫిల్మ్ తీసుకున్నాడు. తలెత్తేసరికి పిచ్చుక జనంలో కలిసి నిదానంగా మెట్లు దిగుతోంది. అతను ఆగమనలేదు.

ఫోన్ మోగింది. “శభాష్! మరి ఆ అమ్మే మనిషిని అరెస్టు చేశారా?” అన్నాడు చీఫ్.

“లేదు సార్. చచ్చిపోయినవాళ్లని అరెస్టు చెయ్యడానికి మన ఆఫీసులో ఫారం లేదు.”