పేరు ముందు చదరపు చుక్క

పోలీసు వేగు మైసయ్య శవం కాలువ తూము దగ్గర తేలింది. చనిపోయే ముందు అతను పంపిన మెసేజ్ మత్తుమందుల నిఘా చీఫ్ దివాకర్ ఫోన్‌లో ఉంది: "గుర్తు పేర్ల లేదు. పేరు ముందు చూడుండ్రి."

జగిత్యాలలో ఓ ఫొటో స్టూడియో వెనక గది. తలుపు మూసి, ఆ మెసేజ్‌ను ఏజెంట్ నవనీతకు చూపించాడు దివాకర్.

"కోరుట్లల గల్ఫ్ కన్సల్టెన్సీ. పోయేటోళ్ల పేర్లు వెబ్‌సైట్ల పెడుతరు. బ్యాచ్‌కు ఒక్కని సంచిల మత్తుపొడి పోతది. ఆ సంగతి వానికే తెల్వది. బ్యాచ్ బయలెల్లినంక అవతలి ముఠా కండ్లు ఆ పేజీ మీదనే. అక్కడి పోలీసులకు దొరికితే వాని మెడకు ఉరి."

"ఈడనే సోదా చేస్తే?"

"మోసినోడే దొంగయితడు. ఇచ్చినోళ్లు నవ్వుకుంట పోతరు. ఇచ్చిన చెయ్యి కావాలె నాకు." ఆయన గొంతు తగ్గించాడు. "లోపల మన మనిషి తిరుమల ఉంది. నీ సంగతి ఆమెకు గూడ చెప్పలే. ఆ గుర్తు దొరికితే 'పసుపు తడిసింది' అను."

నవనీత చెవి కమ్మలో చిన్న మైకు, రిసీవర్ అమర్చుకుంది. పెద్ద కళ్లద్దాలు, చేతిలో టిఫిన్ డబ్బా. కంప్యూటర్ ఆపరేటర్ జ్యోతిగా కోరుట్ల ఆఫీసులో చేరింది.

రెండో రోజే బ్యాచ్ బయలుదేరింది. వెంట పోయే తిరుమల వ్యానెక్కుతోంది. సిల్కు చీర, నల్ల కళ్లజోడు. ఆమె నడిస్తే వీధంతా సెంటు వాసన. వలస పోయేవాళ్లు చేతులు కట్టుకుని దారిచ్చారు.

"ఏందే జ్యోతీ, మొకం గట్ల వేలాడేసినవ్? ఎడారికి పోయేది వీళ్లు, నువ్వు గాదు!"

వ్యాన్ విమానాశ్రయం దారి పట్టింది. నవనీత ఒక్కతే మిగిలింది. వెబ్‌సైట్ ఎడిటర్ తెరిచింది. బ్యాచ్‌లోని పేర్లు వరుసగా ఉన్నాయి. ప్రతి పేరు ముందూ ఒకే నల్లటి గుండ్రని చుక్క. అక్షరాలు పెద్దవి చేసింది. రంగులు చూసింది. ఏమీ లేదు. వ్యాన్ దూరమవుతోంది.

అప్పుడు తట్టింది. ఎడిటర్ లోపల కనిపించేది ఎడిటర్ తొడిగిన వేషమే. బయటివాళ్లకు ఆ పేజీ వేరే తీరుగా కనబడవచ్చు. తన ఫోన్‌లో సైట్ తెరిచింది.

అన్నీ గుండ్రని చుక్కలే. "ఎల్లేశం, సిరిసిల్ల" ముందు మాత్రం చిన్న చదరం.

వెనక కోడ్ తెరిచింది. ఆ ఒక్క వరుసకే చుక్క ఆకారం మార్చే స్టైల్ విడిగా తగిలించి ఉంది. తగిలించిన లాగిన్ తిరుమలది.

"సర్, పసుపు తడిసింది. మోసేటోడు ఎల్లేశం. చుక్క మార్చింది తిరుమల."

"అంటే మైసయ్య సంగతి ఆమెకు చెప్పి, నేనే వాన్ని సంపుకున్న." చీఫ్ జీపు తాళాలు తీసిన చప్పుడు కమ్మలో వినిపించింది. "పో. వ్యాన్ టీకి ఆగేది సిరిసిల్ల బైపాస్ మీదనే. నేను ఆడికే వస్తున్న."

స్కూటీ ఎంత లాగితే అంత పరిగెత్తింది.

సిరిసిల్ల బైపాస్ మీద టీ హోటల్ ముందు వ్యాన్ ఆగి ఉంది. విమానం లెక్కకు బరువు మించకుండా, ఇనుప పైపుకు కాంటా వేలాడదీసి వలసజీవులు సంచులు తూస్తున్నారు. టికెట్ కాగితం నెపంతో నవనీత ఎల్లేశాన్ని పక్కకు పిలిచింది. సంచి విప్పింది. రెండు జతల బట్టలు, దుప్పటి, మందుల డబ్బా. పొట్లం లేదు!

"నీకెవరన్న ఏమన్న ఇచ్చిండ్రా?"

"ఎవ్వలియ్యలే అక్కా." వాడి కళ్లు వ్యాన్ వైపు బెదురుగా తిరిగాయి. "నన్ను దించకక్కా, నీ కాల్మొక్త. బట్ట నేసే సాంచాలు బందైనయి. ఆర్నెల్లాయె, చేతుల పని లేదు. ఈ విమానం పోతే నేను బతికి లాభం లేదు."

వీణ్ని దించితే పస్తులు, పంపితే ఉరి. డ్రైవర్ హారన్ కొట్టాడు.

ఇంక ఒక్కటే దారి. ఇచ్చిన చెయ్యే పొట్లాన్ని వెతుక్కుంటూ రావాలి. ఫోన్‌లో ఎడిటర్ తెరిచింది. పేర్లన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి అన్నిటికీ చదరం పెట్టింది. పబ్లిష్ నొక్కింది. తెర మీద చక్రం తిరుగుతోంది. వ్యాన్ ఇంజన్ స్టార్టయింది. చక్రం ఇంకా తిరుగుతోంది...

సేవ్ అయింది.

వ్యాన్ కదిలేలోపే ముందు సీట్లో తిరుమల ఫోన్ మోగింది. అవతల ఎవడో ఇంగ్లీషులో అరుస్తున్నాడు. "ఆల్ స్క్వేర్స్! విచ్ వన్? చెక్ ది ప్యాకెట్ నౌ!"

తిరుమల ఇంజన్ ఆపించింది. చెప్పులు జారుతున్నా పట్టించుకోకుండా దిగొచ్చి, ఎల్లేశం సంచిని బోర్లించింది.

"ఏదిరా? నేనిచ్చిన మామిడికాయ తొక్కు ప్యాకెట్ ఏది?"

"బరువెక్కువైంది మేడం," ఎల్లేశం అమాయకంగా అన్నాడు. "దేవయ్య బాపు సంచి తేలిగ్గుంటే అండ్ల పెట్టిన. మేం గట్లనే సర్దుకుంటం గదా."

"ఇదిగో బిడ్డా, నీ తొక్కు." బ్యాచ్‌లోని పెద్దాయన దేవయ్య ప్యాకెట్ బయటికి తీశాడు. తిరుమల గద్దలా తన్నుకుపోయింది. అది ఆమె గుండెలకు హత్తుకుని ఉండగానే, పక్క బెంచీ మీద తువ్వాల కప్పుకుని టీ తాగుతున్న ముసలాయన లేచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఇచ్చింది నువ్వేనని ఇంతమంది విన్నరు," అన్నాడు దివాకర్. "మైసయ్య గూడ వినుంటే బాగుండు."

ప్యాకెట్‌లో నూనె పైపైనే ఉంది. అడుగంతా తెల్లటి పొడి.

తిరుమలను జీపులో తీసుకుపోయారు. వ్యాన్ ముందు మాత్రం ఎవరూ కదల్లేదు. ఆ వీసాలు నిజమో కాదో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నవనీతకూ చెప్పే ధైర్యం లేదు.

దేవయ్య ఒక్కడే తన సంచిని మళ్లీ కాంటాకు తగిలించి, ముల్లు చూసి, హోటల్ వైపు తిరిగి కేకేశాడు: "మస్తు తేలికైంది! గల్ఫ్‌ల ఉన్న మీవోళ్లకు ఎవరన్న ఏమన్న పంపుతరా?"