చౌడేపల్లె రోడ్డులో రష్యా రాణి

చీకటి పడితే ఆ కల్యాణ మండపం ముందర బండి ఆపేవాడు పుంగనూరులో లేడు. పంచరైనా సరే, ఇంకో కిలోమీటరు తోసుకుంటా పోయి ఆపుతారు.

మండపం కదిరప్పది. టమాటా మండీ నడుపుతాడు. టూరులో రష్యా పోయి, అక్కడి రాజుల ప్యాలెస్ చూసొచ్చినాడు. పసుప్పచ్చ గోడలు, తెల్లటి స్తంభాలు, వాటి నెత్తిన పెద్ద త్రికోణం, పైన బోర్లించిన బాణలి లాంటి గుమ్మటం. గ్రీకు గుళ్లను చూసి రష్యావాళ్లు కట్టుకున్నారు. రష్యావాళ్లను చూసి కదిరప్ప కట్టుకున్నాడు. పెద్ద తేడా ఏమీ లేదు... ఆడ స్తంభాలు రాయి, ఈడ డొల్ల. గుమ్మటంలో నీళ్ల ట్యాంకు.

“అన్నా, త్రికోణం గట్టి ఇటుక. స్తంభాల్లో ఉండేది సన్న పైపు. మొయ్యదు” అని ఉస్మాన్ మేస్త్రి మొదట్లోనే మొత్తుకున్నాడు.

“నువ్వు రష్యా సూసినావా?” అన్నాడు కదిరప్ప. అంతటితో ఇంజనీరింగు ముగిసింది.

కట్టిన ఆరు నెలలకు మొదలైంది. రాత్రయితే స్తంభాల్లోంచి ఆడమనిషి మూలుగు... ఊఁ... ష్‌ష్... కదిరప్ప ఆడ తీసుకొచ్చిన ప్యాలెస్ ఫోటోల వెంబడే రష్యా రాణి వచ్చేసిందన్నారు. పెళ్లివాళ్లు పలమనేరుకు మళ్లుకున్నారు. రామసముద్రం నుంచి వచ్చిన మంత్రగాడు ఒక పూట కూర్చుని, “దీనికి తెలుగు రాదప్పా” అని బస్సెక్కేసినాడు.

ఊళ్లో రష్యన్ వచ్చింది నీలిమకే. ఆరేళ్లు అక్కడ డాక్టరు చదివొచ్చి, ఇక్కడి పరీక్ష రెండుసార్లు తప్పిన పిల్ల. జ్వరమొస్తే ఆమె దగ్గరికి ఒక్కరూ పోలేదు. దెయ్యమొస్తే పోయినారు.

ఆ రాత్రి స్తంభాల కింద ముగ్గురే — కదిరప్ప, టార్చి పట్టుకుని ఉస్మాన్, నీలిమ. ఆమె భయం దెయ్యం గురించి కాదు. ఆమెకు తెలిసిన రష్యన్ కూరగాయల సంతలో ఉర్లగడ్డలు బేరమాడేంత. రాణి దర్బారు భాష మాట్లాడితే ఇంకో పరీక్ష తప్పినట్టే. ఊరంతా నవ్వుతాది.

ఊఁ... ష్‌ష్...

కదిరప్ప స్తంభానికి దండం పెట్టినాడు. నీలిమకు ఏమీ తోచక, సంచీలోంచి స్టెతస్కోపు తీసి స్తంభానికి ఆనించింది.

గాలి. పైన పగుల్లోంచి దూరి, డొల్లంతా తిరిగి, కింద చిల్లిలోంచి వస్తాంది. అంతే! నవ్వొచ్చింది.

అంతలో... చిట్.

ఊపిరి బిగపట్టింది. చిట్... చిటచిట... నిమ్ము చేరిన రొమ్ములో వినిపించేట్టు. చూస్తే ఉస్మాన్ కూడా స్తంభం మీద అరచెయ్యి పెట్టుకోనుండాడు. మొహంలో నెత్తురు లేదు.

“అన్నా... బయటికి రా. ఇది పడిపోతాది” అన్నాడు గుసగుసగా.

“గమ్మునుండప్పా! నువ్వు రష్యా సూసినావా?” కసిరినాడు కదిరప్ప. “ఏమ్మా, రాణి ఏమంటాండాది?”

నీలిమ ఒక్క క్షణం ఆ మనిషి మొహం చూసింది. తర్వాత గొంతు చించుకుని అరిచింది — “బీస్త్రా! బీస్త్రా! మామా, లేచి పరిగెత్తమంటాండాది రాణి!”

మేస్త్రి మాటకు కదలని మనిషి, రాణి మాటకు చెప్పులొదిలేసి గేటు దాటినాడు. ముగ్గురూ రోడ్డెక్కినారో లేదో —

ధడేల్!

త్రికోణం, ఆరు స్తంభాలు, అన్నీ ఒక్క కుప్ప.

దుమ్ముకు చేతులు జోడించినాడు కదిరప్ప. “ప్రాణం కాపాడినావు తల్లీ... ఇంగేమన్నా చెప్పిందా అమ్మా?”

“ఉస్మాన్ మేస్త్రి మాట ఇనమనింది.”

“అట్నే తల్లీ, అట్నే.”

ఉస్మాన్ తల వంచుకుని నవ్వు మింగినాడు.

దుమ్ము అణిగింది. గాలి లేదు. ఆకు కదల్లేదు. మూలగడానికి ఒక్క స్తంభమూ మిగల్లేదు.

ఆ కుప్పలోంచి... మెల్లగా... ఆడగొంతు.

“స్పసీబా.”

ముగ్గురికీ వినిపించింది. టార్చి కింద పడింది.

“ఏ... ఏమనిందమ్మా?”

ఆ రాత్రంతటికీ నీలిమ నిజంగా తర్జుమా చేసింది ఆ ఒక్క మాటే.

“థ్యాంక్స్... అనింది మామా.”