ఉయ్యాలకి కట్టిన సీకో

మామిడి కోతలు జోరుగా సాగుతున్న రోజులు. నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో, తోట మధ్య ఉన్న, వాచీలు బాగుచేసే సువర్ణరాజు ఇంటికి లేయా మిట్టమధ్యాహ్నం వచ్చింది. మొన్ననే సమాధి చేసిన భర్త చార్లెస్ వాచీని అరుగు మీద పెట్టింది. పాత సీకో. నడుస్తూనే ఉంది.

"రేపు ఆయన ఆదరణ కూడిక ప్రార్థన, బాబాయిగారూ. మా అబ్బాయి మార్టిన్ పెట్టుకుంటానంటున్నాడు. శుభ్రం చేసివ్వండి. పోగొట్టరుగా?"

ముసలాయనకి రోషమొచ్చింది. "వందేళ్ళ కిందట టోక్యోలో భూకంపమొచ్చి ఈ కంపెనీ తగలబడిందమ్మా. రిపేరుకిచ్చిన వాచీలన్నీ కరిగిపోయాయి. యజమాని ఒక్కొక్కరికీ కొత్తది ఇచ్చాడు. నేనూ ఆ జాతే. ఎవరి వాచీ వాళ్ళకి చేరాల్సిందే."

ఆమె ఇంటికి చేరేసరికే మూత తీశాడు. ముల్లు ఆగిపోయింది. ఒక్కో ముక్కా పెట్రోల్లో కడిగి, సాయంత్రానికి మళ్ళీ బిగించాడు.

ఆ వాచీకి కీ ఇచ్చే పని లేదు. చేయి ఊగితే లోపలి బిళ్ళ తిరుగుతుంది, అదే నడుస్తుంది. అలాంటివి బాగుచేశాక ఒక పూట తన చేతికి పెట్టుకుని చూస్తాడాయన.

"పోయినాయన వాచీ పెట్టుకున్నావంటే నీకు అన్నం పెట్టను నాన్నా," అంది కూతురు దీవెన.

"పెట్టుకోన్లేవే," అని దాన్ని మనవరాలు షాలోమి ఉయ్యాల తాడుకి కట్టాడు. పాప ఊగితే వాచీ నడుస్తుంది. తన తెలివికి తనే మురిసిపోయాడు.

పొద్దుగూకింది. మబ్బు పట్టింది. కరెంటు పోయింది. రాలి కుళ్ళిన కాయల వాసన ఇంట్లోకి వచ్చింది. ఆకు కదలడం లేదు. చీకట్లో ఉయ్యాల మాత్రం కిర్రు... కిర్రు...

"ఎంతసేపు ఊపుతావమ్మా?"

"నేను వంటింట్లో ఉన్నా నాన్నా."

సువర్ణరాజు లేచి వెళ్ళాడు. ఉయ్యాల దగ్గర ఎవరూ లేరు. రెండు చేతులా పట్టి ఆపాడు. వాచీ చప్పుడు ఆగింది. పాప ఊపిరీ ఆగింది.

పొట్ట కదలడం లేదు... పెదాలు నల్లబడుతున్నాయి...

చేతులు వదిలేశాడు. ఉయ్యాల దానంతటదే ఊగింది. పాప ఊపిరి తీసుకుంది.

దీవెన ఫోన్ లైటుతో వచ్చి పాపని ఎత్తుకోబోయింది.

"ఆపకు..." గుసగుసగా అన్నాడు. "ఉయ్యాల ఆపకు తల్లీ..."

తాడు నుంచి వాచీ విప్పాడు. తన మణికట్టుకి బిగించుకున్నాడు. చేయి ఊపాడు. ఉయ్యాల ఆగింది. పాప ఊపిరి ఆగలేదు.

తెల్లార్లూ ఊపుతూనే ఉన్నాడు. భుజం తెగిపోతోంది. ఒక్కసారి కునుకు పట్టింది. దీవెన కేకకి లేచి మళ్ళీ ఊపాడు.

తెల్లవారుతూనే లేయా వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈ వాచీ ఇవ్వలేనమ్మా," అన్నాడు సువర్ణరాజు. ఎవరి వస్తువూ ఎన్నడూ ఉంచుకోనివాడు, ఆమె ముఖం చూడలేకపోయాడు.

లేయా ఆయన చేతి వంకే చూస్తోంది. "మా ఆయనా ఇంతేనండి. మంచాన పడ్డా ఆ చేయి ఊపుతూనే ఉండేవాడు. ఎందుకయ్యా అంటే చెప్పేవాడు కాదు. పిల్లాడి వంక చూసి ఏడ్చేవాడు."

సువర్ణరాజు చేయి ఊపుతూనే తలెత్తాడు. "మార్టిన్... ఏడమ్మా?"

"ఇంట్లోనే ఉన్నాడు బాబాయిగారూ. నిన్న నేను మీ దగ్గర్నుంచి వెళ్ళేసరికే పడుకున్నాడు. అలిసిపోయాడు కదా అని లేపలేదు..."

ఆమె తమ ఇంటి దారి వంక చూసింది.

"ఇంకా లేవలేదండి."