ఊపు తినే బల్ల

ఆ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఆఖరి బల్లకి మంచి పేరు లేదు.

చీకటి గదిలో ఓ మూల ఉండేదది. కాంతి ప్రయోగాల కోసం ఆ గదిని నల్లటి తెరతో రెండు సగాలు చేశారు. ఇవతల ఆఖరి బల్ల. అవతల పాత సామాను, దానికో వేరే తలుపు. దీపం ఆర్పితే పట్టపగలైనా కన్ను పొడుచుకున్నా కనబడదు.

ఆ బల్ల దగ్గర లోలకం ఊపితే... కాసేపటికి దాని ఊపు ఎవరో తాగేసినట్టు తగ్గిపోతుందట. పూర్తిగా ఆగిపోతుందట. తర్వాత — ఎవరూ ముట్టుకోకుండానే — మళ్ళీ ఊగుతుందట. ఎన్నడో ఒకమ్మాయి అక్కడే పరీక్ష తప్పి, ఏడుస్తూ వెళ్ళి మళ్ళీ కనబడలేదనీ, అందరి ఊపూ తినేస్తున్నది ఆమేననీ ల్యాబ్ అటెండరు చెప్పేవాడు. టీ చప్పరిస్తూ చెప్పేవాడు కాబట్టి సగంమంది నవ్వేవారు. మిగతా సగం ఆ బల్ల ఛాయలకి పోయేవారు కాదు.

లోలకం అంటే ఏమీ లేదు, దారానికి వేలాడే ఇనప గుండు. అది అటు వెళ్ళి ఇటు రావడానికి పట్టే సమయం దారం పొడవుని బట్టి ఉంటుంది. పొడవు అదే అయితే సమయమూ అదే. ఈ కథకి ఇంతకన్నా చదువు అక్కర్లేదు.

మొదటి ఏడాది క్లాసులో ఒకమ్మాయిని అందరూ పిచ్చుక అనేవారు, మనిషి అంత చిన్నగా ఉండేది. వాళ్ళ పెద్దమ్మ కూతురూ అదే క్లాసు. కొద్ది నెలలే పెద్దదైనా పిచ్చుకకి ఆమె అక్కే. ఇద్దరిదీ ఒకే గది, ల్యాబులో ఒకే జంట. ఒకరు గుండు ఊపితే ఒకరు స్టాప్‌వాచ్ నొక్కేవారు.

ప్రాక్టికల్ పరీక్షలో అందరికన్నా కచ్చితంగా కొలిచిన ఒక్కరిని సెలవుల్లో తన పరిశోధనశాలలోకి తీసుకుంటానని లెక్చరరు చెప్పారు. ఒక్కరినే. ఆ రోజు నుంచీ పిచ్చుకకి అన్నం తింటున్నా అదే ధ్యాస. అక్క మాత్రం నవ్వేసింది. తనకెందుకా తలనొప్పి, చెల్లికే రావాలంది.

పరీక్షలో దారం ఎవరికి నచ్చిన పొడవు వాళ్ళు పెట్టుకోవచ్చు. పిచ్చుక ఎన్నో పొడవులు మార్చి మార్చి చూసి, తన చేతికి బాగా కుదిరినదాన్ని పట్టుకుంది. పడుకున్నాక దుప్పటిలో అక్క చెవిలో చెప్పింది. ఇంకెవరికీ చెప్పలేదు.

పరీక్షకి ముందురోజు చీటీలు తీస్తే ఆమెకి ఆఖరి బల్ల వచ్చింది.

వద్దన్నవాళ్ళు తర్వాతి విడతలో రాసుకోవచ్చు. కానీ అప్పటికి పరిశోధనశాలలో చోటు ఇంకొకరిదైపోతుంది. వద్దని చెప్పేయమని అక్క దారిపొడవునా నచ్చజెప్పింది. పిచ్చుక వినలేదు, సాయంత్రం వెళ్ళి ఒకసారి ఊపి చూసుకుంటానంది. సరే, తోడొచ్చి వరండాలో కూర్చుంటానంది అక్క.

ఆ బల్ల స్టాండు విరిగి చాలాకాలమైంది. అందుకని తెర మీదుగా గోడ నుంచి గోడకి కట్టిన తాడుకే లోలకం వేలాడదీసేవారు. పిచ్చుక చిన్న దీపం వెలిగించుకుని, దారం కొలిచి కట్టి, గుండుని పక్కకి లాగి వదిలింది.

ఊగింది... చక్కగా ఊగింది.

ఆ తర్వాత ఊపు తగ్గడం మొదలైంది. గాలి లేదు, ఫ్యాను లేదు. కొంచెం... ఇంకొంచెం... గుండు నిట్టనిలువుగా నిలబడిపోయింది.

పిచ్చుక దీపం దగ్గరికి జరిపింది.

గుండు కదిలింది.

కదిలి, నెమ్మదిగా, తనంతట తానే ఊగడం మొదలుపెట్టింది.

ఆమె వరండాలోకి ఒక్క పరుగు తీసింది. కుర్చీ ఖాళీగా ఉంది. "అక్కా..." అని పిలిచింది. వరండా చివర లెక్చరరు గదిలో లైటు వెలుగుతోంది. వెళ్ళి ఆ బల్ల వద్దని ఒక్క ముక్క చెబితే చాలు. సగం దూరం వెళ్ళింది కూడా. అక్కడ కాళ్ళు ఆగాయి. అర్థంకానిది కనబడితే పారిపోకండి, ముందు కొలవండి అని ఆయనే రోజూ ప్రాణం తీసేవారు.

వెనక్కి వచ్చింది. స్టాప్‌వాచ్ నొక్కి దెయ్యం ఊపుని కొలిచింది.

తన లోలకం సమయమే. రవ్వంత తేడా లేదు.

చూస్తుండగానే గుండు మళ్ళీ నెమ్మదించింది, ఆగింది. అప్పుడు ఆమె తలెత్తి చూసింది. కింద గుండు కదలకపోయినా పైన తాడు వణుకుతోంది... తెర అవతలి వైపు నుంచి.

ఒకే తాడుకి రెండు లోలకాలు వేలాడితే ఒకదాని ఊపు తాడు గుండా రెండోదానికి పోతుంది, మళ్ళీ తిరిగొస్తుంది. చెయ్యి వెయ్యక్కర్లేదు. ఆ బల్లకి చెడ్డపేరు రావడం కూడా, పూర్వం ఎవరో తెలియక అటూ ఇటూ వేలాడదీయబట్టే కాబోలు. అయితే ఊపు అంతా ఖాళీ అయ్యేలా పోవాలంటే రెండు దారాలూ ఒకే పొడవు ఉండాలి. తేడా వస్తే కుదరదు.

పిచ్చుకకి అప్పుడు వేసింది అసలు భయం. తెర మీద చెయ్యి వేసి చాలాసేపు లాగలేకపోయింది.

లాగింది.

అవతల చీకట్లో ఇంకో గుండు జోరుగా ఊగుతోంది. దాని పక్కన, గోడకి అతుక్కుపోయి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని... అక్క.

"ఈ పొడవు నీకొక్కదానికే చెప్పానక్కా."

అక్క తల దించుకుంది. "నాకూ కావాలే ఆ చోటు. నువ్వుండగా నాకెలా వస్తుంది?" అని గొణిగింది.

పిచ్చుక ఊగుతున్న గుండుని పట్టి ఆపి, దారం విప్పి, అక్క చేతిలో పెట్టింది. "రేపు ఈ బల్ల నాదే," అని దీపం తీసుకుని బయటికి నడిచింది.

చిన్నప్పటి నుంచీ ఏది చూసి జడుసుకున్నా ఆమె చేసేది ఒక్కటే — పరుగెత్తుకెళ్ళి అక్కకి చెప్పుకునేది. అది దెయ్యమే అయ్యుంటే, ఆ రాత్రీ చెప్పుకుని నిద్రపోయేది.