అవ్వ పాటల ఫైళ్లు

ఒక్కో ఫైలూ తెరిచేకొద్దీ ఫెబీకి ఒళ్లు మండిపోతోంది.

దేంట్లోనూ చదవడానికి ఒక్క మాట లేదు. డాలర్ గుర్తులు, చుక్కలు, మధ్యమధ్యలో ఇంగ్లిష్ అక్షరాలు. ఫైళ్లకు పేర్లు కూడా లేవు, అంకెలే. ఒకటి నుంచి నలభై దాకా అన్నీ ఇదే వరస.

నిన్ననే వాళ్ల నాయన ఎజ్రా మార్కాపురం దుకాణంలో పాత కంప్యూటర్ ఇచ్చేసి, దానికంటే కాస్త కొత్తది తెచ్చాడు. పాతదాంట్లోని ఫైళ్లన్నీ పెన్ డ్రైవ్‌లో ఉన్నాయి. "ఇవన్నీ కొత్తదాంట్లోకి కాపీ చెయ్యి" అని ఫెబీకి అప్పగించి, పొద్దున్నే పలకల ఫ్యాక్టరీకి పనికి వెళ్లాడు.

"చెత్తంతా దాచిపెట్టినాడు నాయన!" అని విసుక్కుంది ఫెబీ. నలభై ఫైళ్లనూ ఒక్క దెబ్బతో డిలీట్ చేసింది. పెన్ డ్రైవ్ తీసుకుని పక్కింటి గోపిక దగ్గరికి పరిగెత్తి, దాని నిండా కార్టూన్లు ఎక్కించుకుంది.

సాయంత్రం నాయన వచ్చీ రాగానే అడిగాడు.

"అవ్వ పాటలు కాపీ చేసినావా?"

"ఏ పాటలు? అంకెలున్న ఫైళ్లా? అవి పాడైపోయినాయి నాయనా. అంతా పిచ్చి గీతలే. తీసేసినా."

నాయన ముఖం ఎర్రబడింది. వెంటనే దుకాణానికి ఫోన్ చేశాడు. పాత కంప్యూటర్‌లో ఉన్నవన్నీ పొద్దున్నే తుడిచేశామని వాళ్లు చెప్పారు. ఫోన్ మంచం మీదికి విసిరేశాడు.

"పాడైపోలేదే! అవి పాత తెలుగు ఫాంట్‌లో కొట్టినవి. ఆ ఫాంట్ కూడా దీంట్లో వేస్తే అక్షరాలు బాగా వస్తాయి. రెండేళ్లు! ఆదివారం చర్చి నుంచి వచ్చినాక మా అమ్మ పాడతా ఉంటే కొట్టినా. ఒక్క మాట నన్ను అడిగితే నీ నోరు అరిగిపోతాదా?"

ఫెబీకి ఏడుపు రావాల్సింది. కానీ కోపమే వచ్చింది.

"నాకెట్ల తెలుస్తాది? ఒక్క ముక్క అర్థం కాకపోతే చెత్త అనుకోనా?"

గడప దగ్గర శనక్కాయలు వలుస్తున్న అవ్వ మగ్దలీనమ్మ చేట పక్కకు నెట్టింది. అవ్వకు చదువు రాదు. ఆ పాటలన్నీ కూలికి పోయిన చేలల్లో తనే కట్టుకున్నవి.

"ఏమే ఫెబీ, నీ పుస్తకాలన్నీ నాకు అట్లనే కనపడతాయి. ఒక్క ముక్క అర్థం కాదు. వానొస్తే తడవకుండా కొంగులో చుట్టి లోపల పెట్టినా. చెత్త అనుకొని ఒక్కనాడన్నా పొయ్యిలో వేసినానా?"

ఆ పూట ఫెబీ అన్నం సరిగ్గా తినలేకపోయింది.

మర్నాడు బడి నుంచి రాగానే కంప్యూటర్ ముందు కూర్చుంది. "అవ్వా, పాడు. నేను కొడతా."

"నేను పాడను పో. మళ్లీ తుడిచేస్తావు."

మూడు రోజులు అడిగినా అదే జవాబు. నాలుగో రోజు అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. ఫెబీ ముఖం వైపు చూడకుండా పాడింది. రెండు పాటలు పూర్తిగా వచ్చాయి. మూడోది సగంలో ఆగిపోయింది. అవ్వ కళ్లు మూసుకుని ఎంతసేపు వెతుక్కున్నా మిగతా సగం గుర్తు రాలేదు.

"పోయింది" అంది అవ్వ కటువుగా.

ఫెబీకి తన మీద తనకే అసహ్యం వేసింది.

నాలుగో పాటలో ఎప్పుడూ వినని మాట ఒకటి వచ్చింది. అది వదిలేసి తర్వాతి మాట కొట్టబోయి, చెయ్యి ఆపుకుంది.

"అవ్వా, గుంటక అంటే ఏంది?"

"దుక్కి దున్నినాక ఎద్దులకు కట్టి చేనంతా తోలేది. అది కూడా తెలీదా నీకు?"

"తెలీదు. అందుకే అడుగుతుండా."

ఫెబీ ఆ మాట కొట్టింది. ఆ చరణమంతా పైకి చదివి వినిపించింది.

"సరిగ్గానే ఉంది" అంది అవ్వ, ఇంకా కోపంగానే. "ఊఁ, రాసుకో. దీని తర్వాత ఇంకో చరణం ఉంది."