అద్దాల పెట్టెలో పెట్టిన ఫోటో

శనివారం పొద్దున్న క్వేత వంటింట్లో పిండి ముద్దల్లో ప్లమ్ జామ్ కూరుతోంది. కిటికీ దగ్గర ఆమె భర్త ఓటకార్ తను గీసిన బొమ్మకు చివరి రంగులు అద్దుతున్నాడు. రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చి రిటైరైన మనిషి. ఫోటోలూ బొమ్మలూ అతనికి కూడు పెట్టలేదు గాని, ప్రాణమంతా వాటిమీదే. ఆ వారమే మున్సిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చింది. కమ్యూనిస్టు ప్రభుత్వం పడిపోయి నాలుగు నెలలైంది. 1968 ఆగస్టులో దేశాన్ని ఆక్రమించడానికి రష్యా ట్యాంకులు ఊళ్ళోకి వచ్చిన రోజున అతను తీసిన ఫోటోలతో ప్రదర్శన పెడతారట.

కూతురు వ్లాస్తా తలుపు తోసుకుని వచ్చింది. కోటైనా విప్పలేదు.

"ఊరంతా నీ ఫోటోతో పోస్టర్లు అంటించారు, చూశావా నాన్నా?"

"చూశానమ్మా. బాగా వచ్చింది కదూ? ఆ నీడలు కూడా..."

"నీడలా! ట్యాంకు ముందు పిడికిలెత్తి అరుస్తున్నది ఎవరో కనబళ్ళేదా నీకు?"

ఓటకార్ కుంచె దించాడు. ఆ మనిషి వ్లాస్తా భర్త రాదిమ్.

"ఫోటో తీసినందుకు నేనేమీ అనను. ఏడాది తర్వాత దాన్ని ఫోటో క్లబ్బు అద్దాల పెట్టెలో ఎందుకు పెట్టావు? రోడ్డున పోయే ప్రతివాడూ చూసేలా?"

"మంచి ఫోటో అని పెట్టాను. రెండ్రోజులే ఉంది."

"చాల్లేదూ వాళ్ళకి ఆ రెండ్రోజులు!"

ఆ ఫోటో చూసే పార్టీవాళ్ళు రాదిమ్‌ని గుర్తుపట్టారు. లెక్కల మాస్టారుని బడి నుంచి తీసేసి ఫ్యాక్టరీ బాయిలర్ గదిలో పడేశారు. పద్దెనిమిదేళ్ళు బొగ్గు ధూళి పీల్చాడు. ప్రభుత్వం పడిపోవడానికి ఏడాది ముందు ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. మామగారిని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు.

"అతనే నన్ను క్షమించాడమ్మా" అని గొణిగాడు ఓటకార్.

"నీకెవరు చెప్పారు? మీ ఇద్దరి మధ్యా అమ్మ నలిగిపోతుందని నోరు మూసుకున్నాడు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇప్పుడు చప్పట్లు నీకు! ధైర్యవంతుడైన ఫోటోగ్రాఫరట! ఆయన పేరెక్కడుంది పోస్టరు మీద?"

క్వేత చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పెట్టొద్దని ఆరోజే మొత్తుకున్నాను ఓటా. 'నా పని ఎవరూ చూడకపోతే నేను బతికున్నట్టా?' అన్నావు."

అన్నాడు. రాదిమ్ ఉద్యోగం పోయాక అతను కెమెరా ముట్టలేదు. పొలాలూ, వాగులూ, మంచు పడిన ఇళ్ళూ గీస్తూ వచ్చాడు. ఒక్క బొమ్మలోనూ మనిషి లేడు. మొహం గీస్తే ఎవరు ఎవరికి దొరికిపోతారోనని భయమనేవాడు. నిజానికది సిగ్గు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అల్లుడి దగ్గరికెళ్ళి 'తప్పు నాది' అనలేకపోయాడు. ఇప్పుడు అందామన్నా వినేవాడు లేడు.

కుర్చీలో కూలబడ్డాడు. "ప్రదర్శన వద్దంటాను తల్లీ. పోస్టర్లన్నీ నేనే పీకేస్తాను."

వ్లాస్తా తల అడ్డంగా ఊపింది. "పీకొద్దు. నా దగ్గరున్న ఆయన ఫోటోలన్నీ బాయిలర్ రోజులవే, అన్నిట్లోనూ తల దించుకునే ఉంటాడు. తలెత్తుకున్నది అదొక్కటే. ఉండనీ. కానీ కింద నిజం రాయి."

ప్రారంభోత్సవం రోజు ఓటకార్ తన చేత్తో రాసిన కాగితం ఫోటో కింద అంటించబోతే మున్సిపాలిటీ ఉద్యోగి అడ్డొచ్చాడు.

"పండగలాంటి రోజు ఇదెందుకండీ?"

"ఇది లేకపోతే ఫోటో కూడా ఉండదు" అన్నాడతను.

'ఇతను నా అల్లుడు రాదిమ్, లెక్కల మాస్టారు. నా గొప్ప కోసం ఈ ఫోటో నలుగురికీ చూపించి ఇతన్ని పట్టించింది నేనే. ఓటకార్.'

అందరూ చదివారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చెయ్యి కలపడానికి వచ్చిన పాత మిత్రుడు సగం దారిలోనే ఆగిపోయాడు.

వ్లాస్తా దాన్ని రెండుసార్లు చదివింది.

"ఇరవై ఏళ్ళు ఆలస్యం నాన్నా."

"అవునమ్మా."

అందరిముందూ ఓటకార్ వెక్కి వెక్కి ఏడ్చాడు. వ్లాస్తా ఓదార్చలేదు. అతని పక్కనుంచి కదలనూ లేదు.